ప్రశ్న మీది, జవాబు మాది: లీవర్ల ముందు నిలబడ్డ మనిషి

ఆవిరి ఇంజన్ల రోజుల్లోని రైల్వే ఉద్యోగాల గురించి అడుగుతూ ఈ మధ్య మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. డ్రైవర్ల గురించీ గార్డుల గురించీ రాసినవారు ఉన్నారు గానీ, పట్టాల పక్కన చిన్న మేడగదిలో నిలబడి ఆ బండ్లన్నింటికీ దారి ఇచ్చిన సిగ్నల్‌మన్ గురించి రాసినవారు తక్కువ. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉద్యోగానికే కేటాయిస్తున్నాము. ఈ పని రూపుదిద్దుకున్నది బ్రిటన్‌లో. మన రైల్వేల నిబంధనలకు మూలం కూడా అక్కడే ఉంది కనుక, జవాబుల్లో ఎక్కువ భాగం ఆ దేశానికి, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఇరవై ఏళ్లకు సంబంధించి ఉంటుంది.

ప్రశ్న: మా తాతగారు నిజాం కాలంలో రైల్వే క్యాబిన్‌లో లీవర్లు లాగేవారు. కంప్యూటరు, కెమెరా ఏమీ లేని ఆ రోజుల్లో, మైళ్ల దూరంలో కంటికి కనిపించని బండి ఎక్కడుందో క్యాబిన్‌లో ఉన్న మనిషికి ఎలా తెలిసేది? (ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: గంట దెబ్బల వల్ల తెలిసేది. లైనును కొన్ని మైళ్లకు ఒకటిగా ముక్కలు చేసి, ఒక ముక్కలో ఒక సమయంలో ఒకే బండి ఉండాలన్నది మూలసూత్రం. ఆ ముక్కనే బ్లాక్ సెక్షన్ అంటారు. మొదట్లో ఇలా ఉండేది కాదు. ముందు బండి వెళ్లి ఇన్ని నిమిషాలైంది కాబట్టి ఇక వెనుక బండిని పంపవచ్చు అన్న లెక్క మీద చాలా లైన్లు నడిచాయి. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర ఒక విహారయాత్ర బండిలో నుంచి విడదీసిన వెనుక పెట్టెలు వాలు మీద వెనక్కి జారిపోయి, అదే లైనులో నిమిషాల తేడాతో వస్తున్న మరో బండిని ఢీకొన్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ప్రయాణికుల లైన్లలో బ్లాక్ పద్ధతిని, లీవర్లు ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా బంధించే ఇంటర్‌లాకింగును, బండి పొడవునా పనిచేసే బ్రేకులను తప్పనిసరి చేసింది. మనం మాట్లాడుకుంటున్న కాలపు సిగ్నల్‌మన్ ఆ చట్టం తీర్చిదిద్దిన మనిషి.

అతని గదిలో కిటికీ వైపు, సిగ్నళ్లనూ పట్టాల దారి మార్చే పాయింట్లనూ కదిలించే లీవర్ల వరుస ఉంటుంది. వాటి పైన అరలో ఇరుగుపొరుగు క్యాబిన్లతో తీగల ద్వారా కలిసిన పెట్టెలు, ఒక్కో దానికి ఒక గంట, ఒక ముల్లు ఉంటాయి. ఏ వైపు క్యాబిన్ పిలుస్తోందో చెవికే తెలియడానికి గంటల స్వరాలు వేరువేరుగా ఉండేవి. వెనుక క్యాబిన్ నుంచి ఒక దెబ్బ మోగితే ‘వింటున్నావా’ అని అర్థం, ఇతను ఒక దెబ్బ తిరిగి కొడతాడు. తర్వాత నాలుగు దెబ్బలు వరుసగా మోగితే ‘ఎక్స్‌ప్రెస్ వస్తోంది, లైన్ క్లియరా’ అని అడిగినట్టు. తన సెక్షన్ ఖాళీగా ఉంటేనే ఇతను ఆ నాలుగు దెబ్బలూ తిరిగి కొట్టి, పిడి తిప్పి ముల్లును ‘లైన్ క్లియర్’ మీద పెడతాడు. వెనుక క్యాబిన్‌లోని ముల్లు కూడా అదే చూపిస్తుంది. బండి అక్కడ దాటగానే రెండు దెబ్బలు వస్తాయి. ఇతను ముల్లును ‘బండి లైను మీద ఉంది’ అన్న గుర్తుకు తిప్పుతాడు. బండి తన ముందు నుంచి వెళ్లిపోయాక రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి మరో దెబ్బ కొడితే ఆ సెక్షన్ మళ్లీ ఖాళీ అయినట్టు. ఆరు దెబ్బలు వరుసగా మోగాయంటే మాత్రం ముందు ప్రమాదం ఉందని, అన్నీ ఆపేయమని అర్థం. ప్రతి సంకేతాన్నీ నిమిషంతో సహా రిజిస్టరులో రాయాలి. రద్దీ క్యాబిన్లలో ఈ రాత పనికి ఒక కుర్రవాణ్ణి పెట్టేవారు.

ఇక్కడ ఒక సంగతి తప్పక చెప్పాలి. బండి వెళ్లిపోయిందని తెలుసుకోవడానికి ఇంజను దాటడం చాలదు, చివరి పెట్టె వెనుక వేలాడే ఎర్ర దీపాన్ని సిగ్నల్‌మన్ తన కళ్లతో చూడాలి. ఆ దీపం కనిపించకపోతే బండి మధ్యలో తెగిపోయి, కొన్ని పెట్టెలు వెనుక సెక్షన్‌లోనే నిలిచిపోయి ఉండవచ్చు. వాన కురుస్తున్న అర్ధరాత్రి గంటకు యాభై అరవై మైళ్ల వేగంతో దాటిపోయే బండి వెనుక ఒక చిన్న నూనె దీపాన్ని వెతుక్కోవడం, డ్యూటీలో ఎన్ని బండ్లు వస్తే అన్నిసార్లు ఆ పని తప్పకుండా చేయడం ఎంత ఓపికతో కూడుకున్నదో ఒకసారి ఊహించండి.

లీవర్ల విషయానికి వస్తే, వాటి కింద గదిలో ఇనుప కడ్డీలతో అల్లిన ఇంటర్‌లాకింగు ఉంటుంది. ఒక బండికి దారి ఇచ్చాక, ఆ దారికి అడ్డం వచ్చే మరో సిగ్నల్ లీవరును ఎంత బలంగా లాగినా అది కదలదు. అయితే ఈ ఇనుప తెలివికి ఒక హద్దు ఉంది. ఏ లీవరు ఏ స్థితిలో ఉందో దానికి తెలుసు గానీ, పట్టాల మీద బండి నిలబడి ఉందో లేదో దానికి తెలియదు. ఆ ఒక్క విషయం మనిషి గుర్తుపెట్టుకోవాలి. తరువాతి ప్రశ్నకు జవాబంతా ఇందులోనే ఉంది.

ప్రశ్న: ఇంత పకడ్బందీ పద్ధతి ఉండగా 1915లో స్కాట్లండులో అంత ఘోర ప్రమాదం ఎలా జరిగింది? ఇద్దరు సిగ్నల్‌మన్లను జైలుకు పంపారని చదివాను. తప్పు నిజంగా వారిదేనా? (ఒక విద్యార్థిని, విజయవాడ)

జవాబు: మీరు అడిగినది క్వింటిన్స్‌హిల్ ప్రమాదం గురించి. దానికి ముందు, నాలుగున్నరేళ్ల కిందట జరిగిన మరో సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది.

1910 డిసెంబరు 24, క్రిస్మస్ ముందు రోజు తెల్లవారుజాము. ఉత్తర ఇంగ్లండు కొండల్లో, సెటిల్ నుంచి కార్లైల్ వెళ్లే లైను ఎత్తైన చోట హాస్ జంక్షన్ ఉంది. ఎగుడు మీద బండ్లకు సాయంగా వచ్చిన ఇంజన్లు అక్కడ విడిపోయి తిరుగుముఖం పడతాయి. పండుగ రద్దీ వల్ల ఆ రాత్రి అలాంటి ఒంటరి ఇంజన్లు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. సిగ్నల్‌మన్ ఆల్‌ఫ్రెడ్ సటన్ ముందు రోజు రాత్రి 8 గంటల నుంచి డ్యూటీలో ఉన్నాడు. కార్లైల్ వెళ్లవలసిన, జంటగా కలిపిన రెండు ఇంజన్లను అతను చివరి సిగ్నల్ దాకా ముందుకు పంపి నిలబెట్టాడు. చీకటిలో, వానలో, క్యాబిన్‌కు దూరంగా ఆ ఇంజన్లు దాదాపు ఇరవై నిమిషాలు నిలిచాయి. ఈలోపు మిగతా ఇంజన్ల పనిలో పడి సటన్ వాటిని మరిచిపోయాడు. లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే ఎక్స్‌ప్రెస్ కోసం ముందు క్యాబిన్‌ను అడిగి, లైన్ క్లియర్ తీసుకుని సిగ్నల్ చేతిని వాల్చి దారి ఇచ్చాడు. ఎదురుచూస్తున్న ఇంజన్ల డ్రైవర్లు ఆ సిగ్నల్ తమకే పడిందనుకుని కదిలారు. వెనుక నుంచి పూర్తి వేగంతో వచ్చిన ఎక్స్‌ప్రెస్ వాటిని అందుకుని ఢీకొంది. పెట్టెల్లో దీపాలకు వాడే గ్యాస్ అంటుకుంది. 12 మంది చనిపోయారు. సంగతి అర్థమైన క్షణంలో, స్కాచ్ (స్కాట్లండు) ఎక్స్‌ప్రెస్‌ను నేనే ధ్వంసం చేశానేమోనని స్టేషన్ మాస్టరుకు చెప్పమని సటన్ కబురు పంపాడు. తప్పును ఇంకొకరి మీదికి నెట్టే ఆలోచన అతనికి రాలేదు.

మనిషి మరిచిపోతాడని రైల్వేలకు తెలియక కాదు. బండి సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగిపోతే, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ దిగి క్యాబిన్‌కు నడిచివెళ్లి, ‘మేము ఇక్కడ ఉన్నాము’ అని సిగ్నల్‌మన్‌కు గుర్తుచేయాలని 55వ నిబంధన చెప్పేది. హాస్ జంక్షన్‌లో ఆ రాత్రి ఎవరూ వెళ్లలేదు. విచారణ జరిపిన అధికారి ట్రాక్ సర్క్యూట్లు పెట్టాలని సూచించారు. పట్టాల గుండా బలహీనమైన విద్యుత్తును పారించి, బండి చక్రాలు ఆ పట్టాల మీదికి రాగానే షార్ట్ సర్క్యూట్ అయ్యేలా చేసి, ‘ఇక్కడ బండి ఉంది’ అని క్యాబిన్‌కు తెలియజేసి సిగ్నళ్లను బంధించే ఏర్పాటు అది. అమెరికాలో విలియం రాబిన్‌సన్ 1872లోనే దానికి పేటెంటు పొందాడు.

ఇప్పుడు 1915 మే 22కు వద్దాం. గ్రెట్నా దగ్గర, కార్లైల్‌కూ గ్లాస్గోకూ మధ్య కలెడోనియన్ రైల్వే ప్రధాన లైను మీద క్వింటిన్స్‌హిల్ క్యాబిన్ ఉంది. రాత్రి డ్యూటీ జార్జ్ మీకిన్‌ది, 8 గంటలకు మొదలై ఉదయం 6కు ముగుస్తుంది. పగటి మనిషి జేమ్స్ టిన్స్లీ 6కు రావాలి. ఊరి నుంచి నడిచే శ్రమ తప్పించుకోవడానికి వారిద్దరి మధ్య ఒక లోపాయికారీ ఏర్పాటు ఉంది. కార్లైల్ నుంచి వచ్చే లోకల్ బండి క్వింటిన్స్‌హిల్‌లో ఆగుతుందని తెలిసిన రోజున, వచ్చే మనిషి ఆ బండెక్కి అరగంట ఆలస్యంగా దిగుతాడు. 6 తర్వాతి సంకేతాలను రాత్రి మనిషి రిజిస్టరులో రాయకుండా చిత్తుకాగితం మీద రాసిపెడతాడు. పగటి మనిషి వాటిని తన చేతిరాతతో ఎక్కించుకుంటాడు. పుస్తకం చూసినవారికి డ్యూటీ సరిగ్గా 6కే మారినట్టు కనిపిస్తుంది.

ఆ ఉదయం రాత్రి ఎక్స్‌ప్రెస్‌లు ఆలస్యంగా నడుస్తున్నాయి. వాటికి దారి ఇవ్వడానికి లోకల్‌ను పక్కకు తప్పించాలి. ఆ వైపు, మెయిన్ లైను పక్కన బండ్లను నిలిపే లూప్ లైనులో అప్పటికే ఒక గూడ్సు ఉంది. అందుకని లోకల్‌ను ఎదురు దిశ మెయిన్ లైను మీదికి మళ్లించి నిలబెట్టారు. ఇది నిబంధనల ప్రకారం చేయదగిన పనే. ఆ బండి నుంచే టిన్స్లీ దిగి క్యాబిన్‌లోకి వచ్చాడు. దానికి ఆవలి లూప్‌లో ఖాళీ బొగ్గు బండి చేరింది. ఉత్తరాన ఉన్న కిర్క్‌పాట్రిక్ క్యాబిన్‌కు ‘లైను మూసుకుపోయింది’ అన్న గంట సంకేతం పంపాలి, పంపలేదు. లోకల్ ఉన్న లైను సిగ్నల్ లీవరుకు కాలరు తొడగాలి, తొడగలేదు. కాలరంటే లీవరు మీదికి జార్చే ఇనుప చుట్టు. అది ఉన్నంతసేపు లీవరు లాగడానికి వీలుండదు, తీయబోతే ఎందుకు తొడిగామో గుర్తుకొస్తుంది. లోకల్ ఫైర్‌మన్ జార్జ్ హచిన్‌సన్ 55వ నిబంధన ప్రకారం క్యాబిన్‌కు వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాడు గానీ, కాలరు ఉందో లేదో చూసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ గదిని ఒకసారి కళ్లముందు నిలుపుకోండి. డ్యూటీ దిగిన మీకిన్ వెళ్లకుండా పత్రిక చదువుతున్నాడు. గూడ్సుబండ్ల మనుషులు కూడా గదిలో ఉన్నారు, యుద్ధం కబుర్లు నడుస్తున్నాయి. టిన్స్లీ బల్ల ముందు తల వంచి చిత్తుకాగితంలోని నిమిషాలను రిజిస్టరులోకి ఎక్కిస్తున్నాడు. 6.42కు కిర్క్‌పాట్రిక్ గంట మోగింది. సైనికుల ప్రత్యేక బండికి లైన్ క్లియర్ అడుగుతున్నారు. అతను ఇచ్చేశాడు. కొన్ని నిమిషాల తర్వాత ఆ బండికి సిగ్నళ్లన్నీ వాల్చాడు. తాను దిగివచ్చిన లోకల్ బండి, తెల్లటి పగటి వెలుగులో, ఆ కిటికీ ఎదుటే నిలబడి ఉంది.

6.50 ప్రాంతంలో సైనికుల బండి దాన్ని ఢీకొంది. సుమారు 213 గజాల పొడవున్న ఆ బండి 67 గజాలకు నలిగిపోయింది. మూడు నిమిషాల లోపే, ఎదురు దిశలో వచ్చిన లండన్ ఎక్స్‌ప్రెస్ శిథిలాలలోకి దూసుకువచ్చింది. పాత చెక్క పెట్టెలు, వాటి కింద గ్యాస్ తొట్లు. మంటలు మరునాటి ఉదయం దాకా ఆరలేదు. 226 మంది చనిపోయినట్టు లెక్క. వారిలో అత్యధికులు లీత్ ప్రాంతపు రాయల్ స్కాట్స్ సైనికులు, టర్కీలోని గాలిపోలి యుద్ధరంగానికి వెళ్లేందుకు ఓడ ఎక్కవలసినవారు. సైనికుల పేర్ల పట్టీ కూడా కాలిపోయింది. బ్రిటన్ రైల్వే చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం నేటికీ లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో ఎడింబరో హైకోర్టు టిన్స్లీకి మూడేళ్ల కఠిన శిక్ష, మీకిన్‌కు పద్దెనిమిది నెలల జైలు విధించింది. ఫైర్‌మన్ విడుదలయ్యాడు. సిగ్నల్‌మన్లు ఇద్దరినీ 1916 డిసెంబరులో విడిచిపెట్టారు.

తప్పు వారిదేనా అని మీరు అడిగారు. వారిదే. రిజిస్టరు, గంట సంకేతం, కాలరు అన్నీ అందుబాటులో ఉండి కూడా వాడలేదు కనుక, ఆ విషయంలో వారిని సమర్థించడానికి మాకు మాట రాదు. అయితే తప్పంతా వారిదేనా అంటే మేము ఒప్పుకోలేము. కాలరు, సంతకం, రిజిస్టరు మనిషి జ్ఞాపకానికి ఊతాలే గానీ, వాటిని వాడాలని గుర్తుండవలసింది కూడా ఆ మనిషికే. ఏళ్ల తరబడి బండ్లు క్షేమంగా దాటిపోయిన కొద్దీ కాలరు తొడగకపోయినా ఏమీ కాదన్న ధీమా పెరుగుతుంది. ట్రాక్ సర్క్యూటు ఉంటే టిన్స్లీ ఎంత మరిచిపోయినా ఆ సిగ్నల్ వాలేది కాదు. హాస్ జంక్షన్ తర్వాత మిడ్లాండ్ రైల్వే వాటిని చాలా చోట్ల పెట్టింది. క్వింటిన్స్‌హిల్ వంటి తేలికైన అమరిక గల చోట, బండి కిటికీలో నుంచి కనిపించే చోట, దాని అవసరం ఎవరికీ తట్టలేదు. గ్యాస్ దీపాల చెక్క పెట్టెల్లో సైనికులను ఎక్కించినది కూడా సిగ్నల్‌మన్లు కాదు.

ప్రశ్న: అప్పటి సిగ్నల్‌మన్ల పని గంటలు, సెలవులు ఎలా ఉండేవి? వారి కష్టాన్ని ఎవరైనా పట్టించుకున్నారా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అత్యంత రద్దీ క్యాబిన్లలో 8 గంటల డ్యూటీ ఉండేది. మిగతా చోట్ల 10 గంటలు, 12 గంటలు మామూలు. బ్రిటన్ రైల్వే కార్మికులందరికీ 8 గంటల పనిదినం 1919లో గానీ రాలేదు. బదులు మనిషి దొరకకపోతే ఏమయ్యేదో తెలియాలంటే కాస్త వెనక్కి, 1892కు వెళ్లాలి. యార్క్‌షైర్‌లోని థర్స్క్ దగ్గర మేనర్ హౌస్ క్యాబిన్‌లో పనిచేసే జేమ్స్ హోమ్స్ అనే సిగ్నల్‌మన్ పసికూతురు చనిపోయింది. బిడ్డ కోసం డాక్టరును వెతుక్కుంటూ తిరిగి, నిద్ర లేక, ఆ రాత్రి డ్యూటీ చేయలేనని అతను ముందే చెప్పుకున్నాడు. బదులు మనిషిని పంపలేదు. లీవర్ల దగ్గరే కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి తన క్యాబిన్ దగ్గర ఆగి ఉన్న గూడ్సు సంగతి మరిచి ఎక్స్‌ప్రెస్‌కు లైన్ క్లియర్ ఇచ్చాడు. పదిమంది చనిపోయారు. జ్యూరీ అతన్ని దోషి అన్నది, న్యాయమూర్తి మాత్రం శిక్ష లేకుండా వదిలిపెట్టారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి చేతికి ఆ రాత్రి లీవర్లు అప్పగించినవారిని ఏ కోర్టూ బోనెక్కించలేదన్నది మమ్మల్ని ఈనాటికీ బాధించే విషయం.

కార్మిక సంఘాల చరిత్రలో కూడా సిగ్నల్‌మన్ పేరు ఒకటి నిలిచింది. వేల్స్‌లోని టాఫ్ వేల్ రైల్వేలో, జీతం పెంచమని అడుగుతూ వచ్చిన జాన్ ఎవింగ్టన్‌ను కంపెనీ వేరే చోటికి మార్చింది. 1900 ఆగస్టులో మొదలైన సమ్మెకు అది ఒక కారణం. సమ్మె నష్టానికి సంఘమే బాధ్యురాలని 1901లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న ప్రభువుల సభ తీర్పునిచ్చింది. సంఘం 23,000 పౌన్లు పరిహారం కట్టవలసి వచ్చింది. ఆ తీర్పు వల్ల పుట్టిన ఆగ్రహమే 1906 చట్టానికి దారితీసి, సమ్మె హక్కును నిలబెట్టింది.

ప్రశ్న: మన దేశంలో కూడా సిగ్నల్‌మన్‌కు అంతే అధికారం ఉండేదా? (ఒక పాఠకుడు, గుంతకల్లు)

జవాబు: గంటలు, లీవర్లు, ‘లైన్ క్లియర్’ అన్న మాట అన్నీ అక్కడి నుంచి వచ్చినవే గానీ అధికారం వేరు. బ్రిటన్‌లో బండిని ఒప్పుకోవడం, దారి ఇవ్వడం రెండూ క్యాబిన్‌లోని సిగ్నల్‌మన్ చేతిలోనే ఉండేవి. మన దగ్గర లైన్ క్లియర్ ఇవ్వవలసింది స్టేషన్ మాస్టరు. లీవర్లు లాగేవారు, పాయింట్స్‌మన్లు ఆయన మాట మీద పనిచేసేవారు. సింగిల్ లైన్లలో మరో రక్షణ ఉండేది. 1874లో ఇంగ్లండులోని థార్ప్ దగ్గర, తంతి సందేశాల గందరగోళంలో ఒకే లైను మీదికి ఎదురెదురుగా రెండు బండ్లను వదిలేశారు. ఆ తర్వాత ఎడ్వర్డ్ టయ్యర్ 1878లో ఒక యంత్రం తయారుచేశాడు. రెండు స్టేషన్ల యంత్రాలు కలిసి ఒకసారికి ఒకే బిళ్లను బయటికి ఇస్తాయి, అది చేతిలో లేనిదే డ్రైవరు కదలకూడదు. మన లైన్లలో బిళ్లకు బదులు ఉక్కు గోళం ఎక్కువగా వాడారు. తోలుసంచిలో ఆ గోళాన్ని పెట్టి, సంచికి కట్టిన పెద్ద చుట్టును పరుగెత్తే ఇంజనుకు అందించడం, డ్రైవరు దాన్ని చేత్తో ఒడిసిపట్టడం మన పాఠకుల్లో పెద్దవారు చూసే ఉంటారు.

ప్రశ్న: పాత ఫొటోల్లో సిగ్నల్‌మన్ ఎప్పుడూ చేతిలో గుడ్డ పట్టుకుని లీవరు లాగుతూ కనిపిస్తాడు. లీవరు అంత వేడిగా ఉండేదా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: వేడి కాదు, చెమట. లీవరు పిడి మెరుగుపెట్టిన ఉక్కు. చేతి తడి తగిలితే తుప్పు పట్టి గరుకుబారుతుంది. వందల గజాల దూరంలోని సిగ్నల్ తీగను ఆ పిడితోనే లాగాలి కాబట్టి, గరుకు ఇనుము చేతులను కోసేస్తుంది. ఎండకు తీగ సాగితే సిగ్నల్ సగమే వాలుతుంది, చలికి బిగిస్తే పూర్తిగా లేచి నిలబడదు, అందుకని తీగను సర్దడం కూడా రోజూ ఉండే పనే. బలం చేతులది కాదు, ఒంటి బరువుది. ఒక కాలు ముందు ఆనించి, నడుము వెనక్కి వాల్చి, ఒక్క ఊపులో లాగేవారు. ఆ గుడ్డతోనే పిడులన్నీ తుడిచి మెరిసేలా ఉంచేవారు.